కింది వాటా నిద్ర

రాత్రంతా బేకరీలో పిండి పిసికి
తెల్లవారాక పడుకునేవాణ్ణి నేను.
పైవాటాలో ఇంటావిడ, ఐలీ కెంపైనెన్,
డెబ్బై ఒకటో ఏట
గోడల అడుగున కొత్త చెక్కపట్టీలు కొట్టించాలనుకుంది.
కొట్టించడం కాదు,
తనే కొట్టుకోవాలనుకుంది.

నవంబరులో ఓ సాయంత్రం తలుపు తట్టి
"నీకు గట్టిగా నిద్రపట్టేది ఎప్పుడు?" అంది.
అద్దె పెంచే మాటకి ఇది పీఠికేమో అనుకున్నాను.
"తొమ్మిది నుంచి రెండు దాకా."
అరచేతి మీద పెన్నుతో రాసుకుని వెళ్లిపోయింది.

శనివారం ఆమె ట్రక్కులో నేనూ ఎక్కాను, బరువు మొయ్యడానికి.
హ్యాంకాక్ వంతెన మీద తొలి మంచు, ఇంకా మురికి కాలేదు.
కొట్లో వెర్న్ సోమెరో చూపించిన మొదటిది
దిబ్బరొట్టెలా బల్లపరుపుగా, ఎర్రగా.
"ఆరు గ్యాలన్లు. చవక. దీంతో ఇల్లే కట్టేయొచ్చు."
ప్లగ్గు పెట్టాడు.
అరలో రంగుడబ్బాలు ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి.
స్టవ్ దగ్గర పడుకున్న కుక్క లేచి
మర్యాదగా బయటికి నడిచింది.

"ఇల్లు కట్టే ఉంది వెర్న్.
నాకు కావలసింది వేలెడేసి సన్న మేకులు దిగడం.
ఒకటి కొడతాను, కళ్ళజోడు సర్దుకుంటాను, ఇంకోటి కొడతాను.
ఆగి ఆగి నడిచే చేతికి
అంత గాలి నిలవ చేసి ఏం చేసుకోను?"

బూడిదరంగుది, రెండు గ్యాలన్లది, మూలనుంచి తీయించింది.
ఎడమ చేత్తో ఎత్తి
కొట్లోని నిచ్చెన మూడు మెట్లు ఎక్కింది, దిగింది.
"మా ఇంట్లో మెట్లు పద్నాలుగు" అంది, ఎవరితోనో.
అప్పుడు ఆన్ చేయించింది.
పిట్ట కొంచెం కూత ఘనం అంటారు కదా,
ఈ పిట్టకి కూత కూడా కొంచెమే.
అది నడుస్తుండగానే వెర్న్ గ్యారంటీ సంగతి చెబుతున్నాడు,
గొంతు పెంచలేదు.
పెంచలేదని అతనికే తెలియలేదు.

అరవై డాలర్లు ఎక్కువ.
నా నిద్రకి ఒకరు ధర కట్టి చెల్లించడం
అదే మొదటిసారి చూశాను.

సోమవారం, రెండూ అయిదు.
పైన గుర్రుమని ఒక నిమిషం. ఆగింది.
టక్.
చాలాసేపటికి, టక్.
పక్క మీద నుంచే లెక్కపెట్టాను,
ఇరవై రెండు మేకులకోసారి యంత్రం ఊపిరి పీల్చుకుంటుంది.
మధ్యలో ఒకసారి ఫిన్నిష్‌లో ఓ పొట్టి తిట్టు.
మేకు పక్కకి పొడుచుకొచ్చిందన్నమాట.

ఇలా కిటికీ గోడ అయింది, మంచం వెనకది అయింది.
గురువారం రెండున్నర దాటినా చప్పుడు లేదు.
చప్పుడు లేక మెలకువ వచ్చింది.
రాత్రి మిగిలిన రై రొట్టె పట్టుకుని పైకి వెళ్లాను.

తలుపు వెనక మోకాళ్ళ మీద ఉంది.
ఆఖరి పాతపట్టీ, మొగుడు ఎయినో సుత్తితో కొట్టింది.
ప్రతి మేకు పక్కనా ఒక అర్ధచంద్రం,
గురి తప్పిన దెబ్బ.
వేలితో వాటిని తడుముతోంది.
ఏదో ఒకటి అనాలి కాబోలని నేను గొంతు సవరించుకునేలోపు
"నలభై ఏళ్ళ నుంచీ చూస్తున్నా,
చెడ్డ పని చెడ్డ పనే" అని
బార్ పెట్టి ఊడబెరికింది.

ఆ పట్టీ సాయంత్రం సౌనా పొయ్యిలోకి వెళ్లింది.
బాగా మండిందట.

కొత్తది నేను పట్టుకున్నాను, ఆమె కొట్టింది. తొమ్మిది మేకులు.
తర్వాత ట్యాంకు అడుగున మర తిప్పితే
బుస్సుమని గాలి, వెనకే చెంచాడు తుప్పు నీళ్ళు,
కాఫీ కప్పులో పట్టింది.
"ఈ ఇంటి గాలే, పిండితే ఇంత.
నీ గురక కూడా ఉంటుంది ఇందులో" అంది
కప్పు వంచి చూస్తూ.

ఆ రాత్రి బేకరీలో పిండి ముద్ద మీద
ఇరవై రెండు లెక్కపెట్టి
ఎందుకో ఒకసారి ఆగాను.